రాగం నిలిపే పెట్టె

మా బావ గొంతు పోయిన ఏడాది నేను విజయనగరంలో ఒక రేడియో రిపేరు షాపులో పనిచేస్తున్నాను. బావ అంటే మా అక్క భర్త. గజపతినగరంలో ఉండేవాళ్లు. కొంచెం పల్లం, కొంచెం మెట్ట. పల్లంలో వరి, మెట్ట మీద చోళ్లు, గోగు. వ్యవసాయం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. నాటకం ఆయన సొంతంగా తెచ్చుకున్నది. పద్యనాటకాల్లో రాజు వేషం వేసేవాడు. చుట్టుపక్కల జాతర్లకు ఆయన లేకుండా నాటకం ఒప్పుకునేవాళ్లు కాదు.

జనం ఆయన నటన చూడడానికి వచ్చేవాళ్లని నేను చెప్పను. రాగం వినడానికి వచ్చేవాళ్లు. పద్యం నాలుగు పాదాలూ చదివేశాక, చివరి అక్షరం పట్టుకుని నటుడు రాగం తీస్తాడు. అది ఎంతసేపు నిలిస్తే అంత గొప్ప. బావ రాగం ఎత్తుకుంటే వెనక వరసలో బీడీలు ముట్టించుకునేవాళ్లు అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలినా చూసుకునేవాళ్లు కాదు. ఇది ఆయన నాటక సమాజంలో హార్మనీ వాయించే ఆయన చెప్పిన మాట. నేను చూసింది మాత్రం, రాగం ముగిశాక జనం అరవడానికి ముందు ఒక క్షణం ఆగేవాళ్లు. ఆ ఆగడం వేరే నటులకు దొరికేది కాదు.

గొంతులో కాయ లేచిందన్నారు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కోశారు. తర్వాత కరెంటు పెట్టారు. మా వైపు రేడియం వైద్యాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఇంటికి వచ్చేసరికి ఆయనకు గొంతు లేదు, గాలి ఉంది. పక్కన కూర్చుంటే మాట వినపడేది. పక్క గదిలోకి వినపడేది కాదు. డాక్టరు అక్కను బయటికి పిలిచి, జబ్బు మళ్లీ రావచ్చు, వస్తే చేయగలిగింది తక్కువ అన్నాడు. అక్క నాతో చెప్పింది. బావతో చెప్పలేదు. ఆయనకు తెలియదని మాత్రం మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

గిటారు కొత్తవలస నుంచి వచ్చింది. కొండల్లోకి కొత్త రైలు మార్గం వేస్తున్న రోజులవి. ఆ పని మీద వచ్చిన ఒక బెంగాలీ ఉద్యోగి, బావ పినతండ్రి ఇంటి పక్క వాటాలో ఉండేవాడు. సాయంత్రాలు గిటారు ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమ చేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జార్చుతూ వాయించేవాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక బావ అక్కడికి మార్పు కోసమని వెళ్లి, వారం అనుకున్నవాడు నెల ఉండిపోయాడు. వచ్చేటప్పుడు గిటారు తెచ్చాడు. ఆ బెంగాలీ ఆయనకు బదిలీ అయిందట, ఇచ్చేసి వెళ్లాడట. ఎందుకు ఇచ్చాడో నేను అడగలేదు.

ఒక ఆదివారం నేను తెల్లారకముందే వెళ్లేసరికి బావ వీధి అరుగు మీద కూర్చుని వాయిస్తున్నాడు. వేళ్లకు ఇంకా పొందిక రాలేదు. కానీ ఆయన వెతుకుతున్నది నాకు తెలిసింది. పద్యం చివరి రాగం. కడ్డీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారినప్పుడు అచ్చం ఆయన గొంతు జారినట్టే ఉంది. అయితే నాలుగు మలుపులు తిరిగే రాగం రెండో మలుపు దగ్గరే సన్నబడి పోతోంది. మళ్లీ మీటుతున్నాడు. మళ్లీ పోతోంది.

"ఇది జారతాది గాని నిలబడదురా," అన్నాడు. నేను చెవి దగ్గరగా పెట్టాను. "హార్మనీ నిలబడతాది గాని జారదు. రెండూ ఒక దగ్గిర కావాల నాకు."

"సన్నాయి నేర్చుకోరాదా బావా? జారతాది, నిలబడతాది."

"ఊదడానికి ఊపిరేదిరా? నీ సైకిలు పంపెట్టి ఊదమంటావేటి?"

అక్క లోపలి నుంచి వచ్చి నా చేతికి మంచినీళ్లిచ్చింది. "కోడి కూసినకాడి నుంచి ఇదే. టింగు టింగు. తిండికి పిలిస్తే పలకడు. పలికినా ఇనిపించదనుకో."

బావ నవ్వాడు. ఆయన నవ్వుకు కూడా చప్పుడు ఉండేది కాదు. భుజాలు కదిలేవి.

ఆ తర్వాత కొన్నాళ్లకు నాటకాల కాంట్రాక్టరు పరామర్శకు వచ్చాడు. సమాజాన్ని ఊళ్లకు కుదిర్చేది ఆయనే. మంచివాడు. రాజు వేషానికి ఒక కుర్రవాడిని తెచ్చానని, మనిషి నిలువెత్తు ఉంటాడని, పద్యం స్పష్టంగా చదువుతాడని, ఒక్కటే లోటని చెప్పాడు.

"ఊపిరి నేదు మావా. పద్యం అయిపోతాది, రాగం ఎత్తుకుంటాడు, ఇలగ అనీసరికి దిగిపోతాది. జనం నీ పేరు సెప్పి అరస్తన్నారు. గుంటడు మొకం సిన్నబుచ్చుకుంటన్నాడు."

బావ ఆయనను దగ్గరికి రమ్మని సైగ చేసి, నేను ముందెప్పుడూ వినని మాట అన్నాడు. "పద్యం ఆడు సదువుతాడు. రాగం నాను తీస్తాను. తెర పక్కన కూకుని."

కాంట్రాక్టరు గిటారు వైపు చూశాడు. నా వైపు చూశాడు. తెలివైనవాడు కాబట్టి నవ్వలేదు. "తియ్యగలిగితే నీకన్నా ఎవులున్నారు మావా? జాతర్లు మొదలయ్యే ముందర ఓపాలి ఇనిపించు. బాగుంటే తెర పక్కన కుర్సీ నీదే."

ఆయన వెళ్లాక బావ నన్నడిగింది ఒక్కటే. ఆ తీగ చప్పుడును నిలబెట్టే ఉపాయం రేడియో పనిలో ఏమైనా ఉందా అని. ఉంది. షాపుకు పాత ఇంగ్లీషు ఎలక్ట్రానిక్సు పత్రికలు కట్టలుగా వచ్చేవి. నేను చదువుకునేవాణ్ని. వాటిలో ఒక చిన్న సర్క్యూటు చూశాను. రెండు ట్రాన్సిస్టర్లతో గిటారు శబ్దాన్ని మితిమీరి పెంచి, పైకొసలు కత్తిరించేస్తుంది. దాంతో స్వరం గరుకుగా మారుతుంది. తీగ ఊగినంతసేపూ ఒకే బలంతో నిలుస్తుంది. ఆ దేశాల కుర్రకారు ఆ గరుకు కోసం దాన్ని వాడేవాళ్లు. నాకు కావలసింది ఆ నిలకడ.

అక్క మాత్రం ఒప్పుకోలేదు. "ఓలప్పా, ఓపాలి కరెంటెట్టి గొంతు తీసీసినారు. నువ్వు కరెంటెట్టి గొంతిస్తావేట్రా?"

"ఇది సెల్లుల కరెంటక్కా."

"ఏ కరెంటైతే ఏటి," అంది, కానీ ఆపలేదు.

సర్క్యూటు బొమ్మ ఏది దేనికి కలవాలో చెబుతుంది. ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పదు. ఆ పత్రికలో కూర్పు బొమ్మ కూడా ఉంది గాని, అది వాళ్ల దేశంలో దొరికే గోరంత భాగాలకు వేసినది. నా దగ్గర ఉన్నవి పాత రేడియోల నుంచి ఊడదీసిన బొటనవేలంత కెపాసిటర్లు, విరిగిన జేబురేడియోల నుంచి తీసిన జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. కాబట్టి కూర్పు నేనే వేసుకోవాలి.

పెట్టె బావ ఇచ్చాడు. మొహానికి పూసుకునే రంగులు పెట్టుకునే పొడుగాటి రేకు పెట్టె. నేను వెళ్లేసరికి ఖాళీ చేసి, సబ్బుతో కడిగి, ఎండలో బోర్లించి ఉంచాడు. లోపల మూలల్లో పసుపురంగు ఇంకా అంటుకునే ఉంది.

"దీంట్లో పట్టేలాగ సెయ్యి," అన్నాడు.

పెట్టెను కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీశాను. ఆ గీతల మధ్య భాగాలన్నీ పరిచాను. ఒకదాన్ని తిప్పితే ఇంకోదానికి చోటు ఉండదు. చోటు దొరికితే కింద వెళ్లే రెండు తీగలు ఒకదాన్నొకటి దాటాల్సి వస్తుంది. భాగాలు పలక పైన ఉంటాయి, తీగలు కింద ఉంటాయి. కింది నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది. ఆ తికమక పోవడానికి కాగితానికి కొబ్బరినూనె రాసి ఆరబెట్టేవాణ్ని. అప్పుడు రెండు వైపుల నుంచీ గీతలు కనిపిస్తాయి. అది తృప్తిగా అనిపించేదాకా గీసి, పాత స్విచ్చిబోర్డు నుంచి కోసిన బేకలైటు పలక మీద అంటించి, సూదితో గుర్తులు పెట్టి, షాపు డ్రిల్లుతో రంధ్రాలు వేసేవాణ్ని. మీటడానికి ఒక చెయ్యి, కడ్డీకి ఒక చెయ్యి పోతాయి గనక పెట్టెను కాలితో నొక్కాలి. లారీలో డ్రైవరు కాలికింద లైటును పైకీ కిందికీ మార్చే స్విచ్చి ఒకటి సంపాదించాను. బూటు కాలికి చేసినది. బావ ఉత్తి కాలితో నొక్కాలంటే మడమ ఆనించాల్సి వచ్చేది. అక్క దానికి తన్నుడుపెట్టె అని పేరు పెట్టింది.

మొదటి కూర్పు పెట్టగానే కూత పెట్టింది. గిటారు ముట్టుకోకుండానే. లోపలికి వచ్చే తీగ, బయటికి పోయే తీగ పక్కపక్కన నడిచేలా వేశాను. బయటికి పోయే శబ్దం కొంచెం లోపలికి దూరి, మళ్లీ పెరిగి, మళ్లీ దూరి. అక్క వంటింట్లోంచి చెవులు మూసుకుని వచ్చింది. "రాయగడ పేసింజరు ఇంట్లోకి వచ్చీసిందేట్రా!"

రెండోది కూత పెట్టలేదు. మాట్లాడింది. భాగాల మధ్య చోటు కోసం తీగలను పొడుగ్గా తిప్పడంతో అవి ఏరియల్లా పనిచేశాయి. బావ కడ్డీ జార్చుతుంటే వెనక నుంచి ఒక మగగొంతు ఎరువులు ఎప్పుడు చల్లాలో చెబుతోంది.

"మీ బావ గొంతు తెమ్మంటే యవసాయం ఆఫీసరు గొంతు తెచ్చినావు."

"ఉండనీయే," అన్నాడు బావ. "రాజు గాదా, యవసాయం గురించి సెప్పాల."

ఆ పూట మేం ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ ఇంట్లో అలా నవ్విన రోజులు తర్వాత ఎక్కువ లేవు.

మూడో కూర్పుకు నేను పత్రిక బొమ్మను పక్కన పడేశాను. పెట్టె పొడుగ్గా, సన్నగా ఉంది. దాని ఆకారాన్నే ఒప్పుకుంటే సరిపోతుందని ఆలస్యంగా తెలిసింది. శబ్దం ఒక చివర నుంచి వచ్చి, మొదటి ట్రాన్సిస్టరు, రెండో ట్రాన్సిస్టరు దాటుకుని, వెనక్కి తిరగకుండా రెండో చివర నుంచి పోవాలి. భాగాలను పడుకోబెట్టకుండా నిలబెట్టాను. తీగలు పొట్టివయ్యాయి. ఒక్క చోట తప్ప ఎక్కడా దాటుకోలేదు. గరుకు తగ్గడానికి చివర ఒక కెపాసిటరు కలిపాను. పత్రికలో అది లేదు. వాళ్లకు అక్కర్లేదు.

పరీక్షలన్నీ తెల్లారగట్లే. బావ చిన్నప్పుడు నాటకం గురువు దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. గొంతు సాధన సూర్యుడు రాకముందే చేయాలి, ఎండ వచ్చాక చేస్తే గొంతు చెడుతుంది. గొంతు పోయినా ఆయన ఆ నియమం వదల్లేదు. ఎండ ఎక్కాక గిటారు అటక ఎక్కేది. అదీ గాక, గిటారు తీగల కింద నేను అమర్చిన అయస్కాంతపు పికప్ నుంచి తీగ, పెట్టె గుండా వాళ్ల పాత రేడియోకి వెళ్లి స్పీకరులో వినపడేది. కరెంటు తెల్లవారుజామునే సరిగా ఉండేది. నేను శనివారం సాయంత్రం పేసింజరుకు వెళ్లి, ఆదివారం పొద్దున్నే పని ముగించుకునేవాణ్ని. కార్తీకం, మార్గశిరం, పుష్యం. పళ్లు కటకటలాడే చలి. ఆయన మెడకు మఫ్లరు, నాకు అక్క పాత శాలువా.

మాఘమాసంలో ఒక ఆదివారం అది పనిచేసింది. బావ మడమతో స్విచ్చి నొక్కి ఒక తీగ మీటి, కడ్డీని కదపకుండా ఉంచాడు. స్వరం తగ్గలేదు. అలాగే నిలబడింది. ఆయన నా వైపు చూసి, నెమ్మదిగా జార్చడం మొదలుపెట్టాడు. మొదటి మలుపు, రెండోది, మూడోది. నాలుగో మలుపు దగ్గర స్వరం సన్నగా వణికింది. ఆయన గొంతు కూడా అక్కడ వణికేది, దానికే జనం పడి చచ్చేవాళ్లు. మనిషి గొంతు కాదది. ముక్కుతో పాడినట్టుంది, కొంచెం జీర. కానీ మనిషి ఎవరో తెలుస్తోంది.

అరక తోలుకుని పొలానికి పోతున్న ఒక రైతు ప్రహరీ అవతల ఆగాడు. "ఏటి, గొంతొచ్చీసిందేటి మావకి?" అని కేకేశాడు.

అక్క పేడ చేత్తోనే గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో ఆమె ఏడుస్తోందని తెలిసినా నేను వెళ్లలేదు. డాక్టరు మాట ఆమె మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. ఆ రోజు మాత్రం మరిచిపోవచ్చేమో అనిపించింది.

కాంట్రాక్టరు వినడానికి చైత్రం చివర గాని వీలుపడలేదు. పెళ్లిళ్లు, కోతలు, ఆయన తిరుగుళ్లు. సమాజం నాటకం సిద్ధం చేసుకునేది ఊరి చివర రైసుమిల్లు గొడౌనులో. రేకుల కప్పు. మధ్యాహ్నం మిల్లు ఆపుతారు కాబట్టి మధ్యాహ్నమే రమ్మన్నారు. బావకు అది నచ్చలేదు.

"పొద్దుటే అయితే బాగున్ను," అన్నాడు.

"పొద్దుట మిల్లు మోతలో ఏటినిపిస్తాది బావా?" అన్నాను. ఆ మాట నిజమే.

గిటారు, పెట్టె, షాపు నుంచి తెచ్చిన చిన్న ఆంప్లిఫయరు జట్కాలో పెట్టుకుని వెళ్లాం. బావ చాలా కాలానికి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెడ మీది మచ్చ కనపడకుండా కండువా చుట్టుకున్నాడు. అక్క వస్తానంది. వద్దన్నాడు. వచ్చింది.

గొడౌనులో కాంట్రాక్టరు, హార్మనీ ఆయన, ఆ కుర్ర నటుడు ఉన్నారు. కుర్రవాడు నిజంగానే నిలువెత్తు మనిషి. లేచి బావకు దండం పెట్టాడు. "మీ రాగాలింటూ పెరిగినోణ్ని మావా," అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి ఏమీ దొరకలేదు.

హార్మనీ ఆయన పెట్టెను కాలి వేలితో కదిపి చూశాడు. "ఏటిది? మొకానికి రంగేసుకునే డబ్బాలో గొంతెట్టినారా? నా హార్మనీకి సవితేట్రా?"

బావ భుజాలు కదిలాయి.

కుర్రవాడు పద్యం ఎత్తుకున్నాడు. బాగా చదివాడు. నాలుగో పాదం చివరి అక్షరం పట్టుకుని, కొంచెం నిలిపి, ఒప్పందం ప్రకారం వదిలేశాడు. బావ మడమ ఆనించాడు, మీటాడు. స్వరం వచ్చింది, వెంటనే ముక్కలైంది. గొంతు పూడిన మనిషి దగ్గినట్టు మూడు నాలుగు తునకలు వచ్చి ఆగిపోయింది. కడ్డీ మలుపు దగ్గరికి చేరేసరికి ఏమీ లేదు. తీగ ఊగుతూనే ఉంది, కళ్లకు కనిపిస్తోంది. స్పీకరులో మాత్రం బుసబుస.

నేను సెల్లులు మార్చాను. జాయింట్లు చూశాను. పెట్టె మూత ముట్టుకుంటే చెయ్యి కాలింది. అప్పుడు తెలిసింది. జట్కాలో ఎండ, గొడౌనులో రేకుల వేడి. జెర్మేనియం ట్రాన్సిస్టరు వేడెక్కితే లోపల్లోపల కరెంటు కారిపోయి స్వరం పట్టు తప్పుతుంది. పుస్తకాల్లో ఒక వాక్యంగా ఉంటుందది. చలిదేశాల పత్రికలో ఆ వాక్యం రాయాల్సిన పని వాళ్లకు లేదు. మా పెట్టె చలిమాసాల్లో, సూర్యుడు రాకముందు మాత్రమే బతికింది. వేరే పొద్దులో అది ఎలా పలుకుతుందో మేం ఎన్నడూ వినలేదు, సాధన తెల్లారగట్లే చేయాలి గనక.

అక్క కండువా తడిపి పెట్టె మీద వేసింది. నేను చెప్పకముందే. బహుశా జ్వరానికి వేసినట్టు వేసిందేమో. అందరం చుట్టూ కూర్చుని ఎదురుచూశాం. కాంట్రాక్టరు సోడాలు తెప్పించాడు. కాసేపయ్యాక బావ మళ్లీ మీటాడు. ఈసారి నిలిచింది. మొదటి మలుపు, రెండోది. కాంట్రాక్టరు తాగుతున్న సోడా కింద పెట్టి తలెత్తాడు. మూడో మలుపు ఎక్కుతుండగా తెగిపోయింది. మళ్లీ రాలేదు.

కాంట్రాక్టరే అన్నాడు, "వానలు పడనీ మావా. సల్లబడ్డాక సూద్దాం."

జాతర్లన్నీ ఎండల్లోనే అని అక్కడున్న అందరికీ తెలుసు.

"నా గొంతుకి ఎండ పడదు గాదా," అన్నాడు బావ, ఆయన చెవి దగ్గరికి వంగి. "గురువుగారు అప్పుడే సెప్పినారు."

కాంట్రాక్టరు నవ్వడానికి ప్రయత్నించాడు. ఇంటి దగ్గర దిగాక బావ గిటారు తనే మోసుకుని వెళ్లి అటక మీద పెట్టాడు. మరుసటి ఆదివారం నేను వెళ్లేసరికి తెల్లారిపోయినా నిద్రపోతూనే ఉన్నాడు. ఆయన అలా పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు ఒక దారి ఉంది. సిలికాన్ ట్రాన్సిస్టర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటికి ఈ వేడి లెక్కలోది కాదు. మా షాపుకు సరుకు తెచ్చే ఆయన కలకత్తా వెళ్తుంటే రెండు తెమ్మన్నాను. తేవడానికి ఆషాఢం దాటింది. అవి వచ్చాక తెలిసింది, వాటి కాళ్ల వరస వేరు, సెల్లుల కొసలు తారుమారు చేయాలి. నేను వేసిన కూర్పు దేనికీ పనికిరాదు. మళ్లీ కాగితానికి నూనె రాసుకుని మొదలుపెట్టాను.

ఆ మధ్యలో కాంట్రాక్టరు ఒక క్లారినెట్టు ఆయన్ని కుదుర్చుకున్నాడు. పార్వతీపురం వైపు మనిషి, పెళ్లి బ్యాండులో వాయించేవాడు. కుర్రవాడు వదిలిన రాగాన్ని అతను అందుకుంటున్నాడట, జనం మెచ్చుకుంటున్నారట. ఈ సంగతి హార్మనీ ఆయన వచ్చి బావకు చెప్పాడు. దాచడం అన్యాయం అనుకుని ఉంటాడు.

"ఆలోసన నాదే గదా," అన్నాడు బావ. "పద్యం ఒకడు, రాగం ఒకడు."

"నీదే మావా. ఎవుడు కాదన్నాడు?"

"అయితే సాలు."

శ్రావణంలో మెడ కింద గడ్డ కనిపించింది. విశాఖపట్నం తీసుకెళ్లాం. డాక్టరు ఈసారి అక్కను బయటికి పిలవలేదు. అందరి ముందే చెప్పాడు. ఇంటికి తెచ్చేశాం. కొన్నాళ్లకు అన్నం దిగడం మానేసింది. తర్వాత గంజి.

కొత్త కూర్పు భాద్రపదంలో పూర్తయింది. అదే రేకు పెట్టెలో అమర్చాను. షాపు పెంకుల మీద మిట్టమధ్యాహ్నం దాకా పెట్టి, దించి చూశాను. పనిచేసింది. ఆ ఆదివారం తీసుకెళ్లాను. బావకు చెయ్యి గుప్పిట పట్టడం కూడా కష్టంగా ఉంది. కడ్డీ పట్టుకోలేడు.

వసారాలో మంచం మీద ఉన్నాడు. ఉక్కపోత. పెట్టెను పక్కన పెట్టాను. మూత తీయమని సైగ చేశాడు. తీశాను. ఇన్నాళ్లలో ఆయన దాని లోపల ఎప్పుడూ చూడలేదు. వేలితో ఒక కొస ముట్టుకున్నాడు.

"ఇక్కడి నుంచి లోపలికి వస్తాది," అన్నాను. "ఇది పెంచుతాది. ఇది ఇంకా పెంచుతాది. ఇక్కడ కోసేస్తాది. ఇక్కడి నుంచి బయటికి పోతాది."

ఆయన వేలు ఆ వరసలోనే మెల్లగా ఆ చివరిదాకా వెళ్లింది. పెదవులు కదిలాయి. అక్క వంగి విని నాకు చెప్పింది. "వాయించమంటన్నాడు."

నాకు వాయించడం రాదు. గిటారు అటక మీంచి దించి పెట్టెకు కలిపి, కాలితో నొక్కి ఒక తీగ మీటాను. నిలబడింది. ఆ ఉక్కలో, ఆ ఎండలో, ఏ వణుకూ లేకుండా నిలబడింది. కడ్డీ ఎక్కడికి జార్చాలో నాకు తెలియదు. ఒకే స్వరం, తీగ ఆగిపోయేదాకా. బావ కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక మళ్లీ ఏదో అన్నాడు.

"ఏటన్నాడక్కా?"

"మిల్లు కూతలాగున్నాదంట," అంది అక్క. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో నేను చూడలేదు.

ఆయన దసరా వెళ్లిన మర్నాడు పోయాడు. సాయంత్రం నాలుగింటికి, నేను విజయనగరంలో ఉండగా.

పెద్దకర్మ రోజు సమాజంవాళ్లు వచ్చారు. పందిట్లో భోజనాలకు ముందు, ఆయన పేరున ఒక పద్యం చదువుతామన్నారు. అక్క ఒప్పుకుంది. హార్మనీ ఆయన చాప పరుచుకుని కూర్చున్నాడు. కుర్రవాడు పటం ముందు నిలబడ్డాడు. క్లారినెట్టు ఆయన వేరే ఊళ్లో పెళ్లికి వెళ్లాడు, రాలేదు. నేను వెనక స్తంభం దగ్గర ఉన్నాను.

పద్యం చక్కగా చదివాడు. మాట మాట తెలిసింది. నాలుగో పాదం ముగించి చివరి అక్షరం పట్టుకున్నాడు. కొంచెం నిలిపాడు. అలవాటు ప్రకారం అక్కడ వదిలేశాడు. వదిలాక అందుకునేవాళ్లు లేరని గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. మళ్లీ ఎత్తుకోబోయాడు. ఊపిరి రాలేదు. హార్మనీ ఆయన ఆ స్వరం మీద వేలు తీయకుండా ఉన్నాడు, ఎవరైనా వస్తారన్నట్టు. పందిట్లో బావ రాగాలు విన్నవాళ్లు నిండా ఉన్నారు. అందరూ తలలు దించుకుని ఆగారు.

హార్మనీ ఆయన కాసేపు చూసి వేలు తీసేశాడు. వంటవాడు వచ్చి, విస్తళ్లు వేశాం, లేవండి అన్నాడు.